ఓడ మీద మామిడి కొత్త

బంగళా పనిలో చేరబోయేవాళ్ళు నా దగ్గరకు వచ్చి, పుడ్డింగు ఎలా చెయ్యాలి, ఫోర్కు ఏ పక్కన పెట్టాలి అని అడుగుతుంటారు. ఫోర్కు ఎడమ పక్కన పెట్టాలి. ఆ విద్య అక్కడితో అయిపోయింది. ఇరవై ఆరేళ్ళు నేను చేసిన పని మాత్రం వేరు. బట్లరంటే వంటింటికీ భోజనాల గదికీ మధ్య ఉండే తలుపు. అటు మాట ఇటు దాటించాలి, ఇటు మాట అటు దాటించాలి. పళ్ళేలు మోయడం అందుకొక వంక.

నేను మైదానం మనిషిని. మిషను బడిలో బైబిలూ, కాస్త ఇంగ్లీషూ నేర్చుకుని, ఇరవై రెండో ఏట పింగాణీ సామాను బండి వెనక నడుచుకుంటూ ఘాటు రోడ్డెక్కాను. మన్యం జ్వరం నన్ను ఆరుసార్లు చంపింది. ఏడోసారి దానికే విసుగొచ్చి వదిలేసింది. ఇప్పుడు నలభై తొమ్మిదో ఏట, మోకాళ్ళు మెట్లను చూసి ఏడుస్తున్నాయి కాబట్టి, అరకులో ఈ చిన్న ఇంటి అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. వంటలు రాయను. ఒక ఎలుగుబంటినీ ఒక మామిడిపండునూ రాస్తాను.

ఎలుగుబంటి

నా మొదటి యజమాని అడవి శాఖ దొర. ఒకనాడు విందుకు పొట్టేలు తొడ కాలుస్తూ నేను కునుకు తీశాను. లేచేసరికి అది బొగ్గయింది. దొర అడిగితే, వంటింట్లోకి ఎలుగుబంటి వచ్చి మాంసం ఎత్తుకుపోయిందని చెప్పాను. ఎంత ఎలుగుబంటి అన్నాడు. తలుపు పట్టక పక్కకి తిరిగి వచ్చింది అన్నాను. దొర కళ్ళు వెలిగాయి. నలభైమంది మనుషులతో మూడు రోజులు కొండలన్నీ గాలించి, ఎలుగుబంటి లేకుండా, జలుబుతో, పరమానందంగా తిరిగొచ్చాడు. మాంసం సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

దాంతో నేనేం నేర్చుకున్నాను? ఉన్నది ఉన్నట్టు చెబితే తిట్లు, పెంచి చెబితే వేట. తప్పు చేసి తప్పించుకున్నవాడు నేర్చుకునేది ఎప్పుడూ తప్పు పాఠమే. ఆ పాఠాన్ని ఇరవై ఏళ్ళు జేబులో పెట్టుకుని తిరిగి, చివరికి సముద్రం అవతల వదిలించుకున్నాను.

సొంబారి తాడు

తరువాతి యజమాని అనంతగిరి దగ్గర కాఫీ తోట వేసిన దొర. ఆయన నెమ్మదస్తుడు, కాఫీ మొక్కలతో తప్ప ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. దొరసాని గడియారం లాంటి మనిషి. కోపం కూడా వేళకే వచ్చేది. వాళ్ళకు ఐదేళ్ళ పాప. మేమంతా బేబమ్మ అనేవాళ్ళం.

బేబమ్మను పెంచింది సొంబారి. అరకు దాటి రెండు కొండలవతల ఊరామెది. ముప్పై ఏళ్ళుంటాయి. సోమవారం పుట్టింది కాబట్టి ఆ పేరు. బేబమ్మకు అన్నప్రాశన లేదు గానీ, చోడి అంబలి, అంటే రాగి జావ, మాత్రం ముందు సొంబారి వేలి మీదే నాకింది. ఆ తరువాత లోకంలో ఏ తిండీ ఆ పిల్ల నోటికి నచ్చలేదు. దొరసాని సముద్రం అవతల ఉన్న తన పుట్టింటికి వెళ్ళాలనుకున్నప్పుడు, అంబలి కాచేవాణ్ణి నన్నూ, తినిపించే సొంబారినీ, ఒక బస్తా చోడి పిండినీ వెంట తీసుకుపోక తప్పలేదు. కాఫీ పళ్ళు కోతకొచ్చాయని దొర తోటలోనే ఉండిపోయాడు.

సొంబారి సముద్రానికి భయపడలేదు. ఒక్కటే అడిగింది.

"మావిడి కొత్తకి ఊర్లో ఉంటానేటన్నా?"

మన కొండల మీద పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కింద నుంచి వచ్చేవాళ్ళకోసం చెబుతున్నాను. ఇక్కడ ఏ పంటైనా కొత్తగా వస్తే ముందు ఊరి దేవతకూ, పోయిన పెద్దలకూ పెట్టాలి. ఆ రోజునే కొత్త అంటారు. మామిడి కొత్త అయ్యేదాకా కాయ గానీ పండు గానీ ఎవరూ నోట పెట్టరు. ఒకడు తింటే తప్పు ఊరంతటికీ తగులుతుంది. పులి రావచ్చు, జ్వరం రావచ్చు, వాన రాకపోవచ్చు.

ఫిబ్రవరికల్లా తిరిగొస్తామని దొరసాని మాటిచ్చింది. అయినా సొంబారి తన జాగ్రత్తలో తానుంది. ఊళ్ళో మంచిరోజులు చూసే దిసారి దగ్గరకు వెళ్ళి, కొత్త ఏనాడో ముందే పెట్టించుకుని, అన్ని ముళ్ళు వేసిన తాడొకటి తెచ్చుకుంది. మన సంతలకీ పెళ్ళిళ్ళకీ పిలుపు పంపే పద్ధతే అది. రోజుకో ముడి విప్పాలి, ఆఖరి ముడి విప్పిన మర్నాడు పండగ. ఆ తాడు ఓడకు లంగరు కట్టేంత పొడుగుంది.

ఫిబ్రవరిలో మేం తిరిగి రాలేదు. దొరసాని తల్లి ఒకావిడ ఉంది, పెద్ద దొరసాని. డెబ్బై ఏళ్ళు, చెవుడు, చెవిలో పెట్టుకునే ఇత్తడి బాకా, ప్రపంచంలో ప్రతి దాని మీదా ఆసక్తి. కూతుర్నీ మనవరాల్నీ అప్పుడే వదలబుద్ధి కాక, అందరికీ టిక్కెట్లు కొనేసింది. సరదా ఓడ. సరుకు లేదు, పని లేదు. ద్వీపం నుంచి ద్వీపానికి తిరిగి, ఎండ కాచుకుని రావడమే. చలికి పారిపోయే వాళ్ళకోసం అలాంటి ఓడలున్నాయని అప్పటిదాకా నాకు తెలియదు.

గాలికొండను పక్కకి పడుకోబెట్టి, తెల్ల సున్నం వేసి, పైన మూడు పొగగొట్టాలు గుచ్చండి. అదీ ఓడ. సొంబారి దాన్ని తల ఎత్తి చూసింది.

"ఇంత ఊరికి దేవత ఏ కాడుంటాదన్నా?"

"ఇంజను గదిలో" అన్నాను.

ఆ తరువాత రోజూ పొద్దున్నే ఆమె ఇంజను గది మెట్ల దగ్గర చారెడు అంబలి పెట్టి, ఒక ముడి విప్పి, అప్పుడు పిల్లను లేపేది. బొగ్గు వేసేవాళ్ళు మొదట నవ్వారు. వారం తిరిగేసరికి ఒకరోజు అంబలి ఆలస్యమైతే, ఏమైందని పైకి మనిషిని పంపారు.

ద్వీపం

ఆ ద్వీపం పేరు నాకు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు కాబట్టి రాయను. వెస్టిండీసు ద్వీపాల్లో ఒకటి. తాడుకు అప్పటికి పదకొండు ముళ్ళు మిగిలాయి.

ఓడ దూరంగా ఆగితే పడవల్లో దిగాం. దిగగానే నాకు మతి పోయింది. ఇంత దూరం, ఇన్ని వారాలు ప్రయాణం చేసి వస్తే, కళ్ళ ముందు పనస చెట్టు, అరటి, కొబ్బరి. మన సంత కూడా అక్కడే ఉంది. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నారు. ఒకామె దగ్గర పళ్ళు చూశాను. చిన్నవి అడుగున, పెద్దవి పైన. అరకు సంతలో మన వాళ్ళు పేర్చినట్టే, అదే వినయంతో. ఆమె నన్ను చూసి నవ్వింది, నేను ఆమెను చూసి నవ్వాను. భాష తెలియకపోయినా ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయింది.

ఆమె గంపలో ఉన్నవి మామిడిపళ్ళు. ముందు కాపు.

దొరసాని డజను తీసుకోమంది. వంటవాడు రుచి చూడకుండా వడ్డించకూడదు, అది వృత్తి ధర్మం. బండరాయి వెనక్కి వెళ్ళి ఒకటి రుచి చూశాను. ఒకదానితో తెలియలేదు. మూడు చూశాక తెలిసింది. పైగా నేను క్రైస్తవుణ్ణి, నాకు కొత్తా లేదు, పాతా లేదు.

సముద్రం ఒడ్డున ఒక చెట్టు కింద దుప్పటి పరిచి, తినుబండారాలు పెట్టాం. బేబమ్మ సొంబారి ఒళ్ళో ఉంది. సొంబారి కడలికేసి చూస్తోంది. ఆ క్షణంలో దొరసాని తన చేత్తో పండు కోసి, ఒక ముక్క పిల్ల నోట్లో పెట్టింది.

సొంబారి ఇటు తిరిగింది. చూసింది. పిల్ల నోట్లో వేలు పెట్టి ముక్క లాగేసింది. పళ్ళెంలో ఉన్న ముక్కలన్నీ, పళ్ళెంతో సహా, సముద్రంలోకి విసిరింది. మంచి పింగాణీ పళ్ళెం, అంచున నీలం పూలు. నీళ్ళ మీద మూడుసార్లు ఎగిరి మునిగింది. బేబమ్మ ఏడుపు అందుకుంది. పక్క దుప్పట్ల మీద ఉన్న ఓడ జనమంతా తలలు తిప్పారు.

దొరసాని మొహం ఎర్రబడింది. ఆమెకు తెలిసిన తెలుగు వేడినీళ్ళు, దీపం, బేగి రా దగ్గర ఆగిపోతుంది. అందుకని నా వైపు తిరిగింది.

"ఎందుకు చేసిందో అడుగు."

అడిగాను.

"కొత్త కానేదు గదా" అంది సొంబారి. "కాకుండా ఈ గుంట తినకూడదు. అదే సెప్పు."

ఏడు తలల పురుగు

అదే చెప్పి ఉంటే ఏమయ్యేది? దొరసాని అరగంట తిట్టేది, సాయంత్రం టీ వేళకు మరిచిపోయేది. ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు నాకు అంత చిన్న మాట అంత పెద్ద కోపానికి చాలదనిపించింది. జేబులోంచి ఎలుగుబంటిని తీశాను.

"అమ్మగారూ, ముందు కాపు మామిడిలో ఒక పురుగుంటుందని ఆయా చెబుతోంది. ఏడు తలలు. పెద్దవాళ్ళకు ఏమీ చెయ్యదు గానీ పిల్లల కడుపులో దిగితే మూడు రోజులే. మా కొండల్లో ఒక తాసీల్దారు కొడుకు…"

ఆ కొడుకును పూర్తిగా చంపేదాకా దొరసాని ఆగలేదు. "అది కాస్త రసం మింగింది" అని పాపను ఎత్తుకుని పడవ దగ్గరకు పరుగెత్తింది. పెద్ద దొరసాని బాకా చెవిలో పెట్టుకుని, ఎన్ని తలలు అని నన్ను మళ్ళీ అడిగింది.

ఓడ డాక్టరు పిల్లకు ఆముదం పట్టాడు. వాంతికి మందిచ్చాడు. రెండు రోజులు బార్లీ నీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దన్నాడు. అంబలి బంద్. ఆ రెండు రోజులూ గది తలుపు ఇవతల సొంబారి కూర్చుంది, అవతల పిల్ల ఏడ్చింది.

డాక్టరు మిగిలిన మామిడిపళ్ళు అన్నీ కోసి, భూతద్దం పెట్టి వెతికాడు. ఏడు కాదు గదా ఒక్క తల కూడా దొరకలేదు. వెతికిన పళ్ళు వృథా చెయ్యకుండా తనే తిన్నాడు. రెండో రోజు సాయంత్రం బొద్దుగా, క్షేమంగా వచ్చి ఆ మాట దొరసానికి చెప్పాడు.

దొరసాని నన్ను పిలిచింది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ఆయా అబద్ధం చెప్పి నా బిడ్డను రెండు రోజులు మాడ్చింది. రేపు రేవులో ఆమెను దింపేస్తున్నాను. ఇండియా వెళ్ళే ఓడ ఏదైనా వస్తే ఎక్కుతుంది. ఆమెకు నువ్వే చెప్పు."

ఏదైనా వస్తే అన్న మాటకు అర్థం నాకు తెలుసు. ఈ ఓడ ఎక్కక ముందు, లండనులో ఒక సత్రం మెట్ల మీద మన దేశం ఆయా ఒకావిడను చూశాను. పక్కన రేకు పెట్టె. ఎవరైనా దొరలు ఇండియాకి పోతూ పిల్లల కోసం తనను తీసుకుపోతారేమోనని కూర్చుంది. ఎన్నాళ్ళయిందని అడిగితే పెట్టె వైపు చూసింది. ఇందులో నేను పెంచినది ఏమీ లేదు.

నేను వెళ్ళి సొంబారి పక్కన కూలబడ్డాను.

"రేపు నిన్ను దింపేస్తారట" అన్నాను.

"పళ్ళెం పారేసినందుకా?"

"కాదు."

"మరేటికి?"

చెప్పాను. ఏడు తలలూ చెప్పాను. ఆమె తాడు వేళ్ళకు చుట్టుకుంది.

"నాను సెప్పింది రెండు మాటలు గదన్నా. అవి సెప్పడానికి నీకేటి బరువొచ్చింది?"

నేను చొక్కా సర్దుకున్నాను.

"మూతి తుడుసుకో ముందు" అంది. "మొన్నట్నుంచీ సూత్తన్నాను. నీ సొక్కా మీద పసుపు మరక. రాయెనక నువ్వేటి సేసినావో నాకు తెల్దనుకున్నావా?"

సగం

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నేను వెంటనే లేచి వెళ్ళలేదు. యజమానులు రాసిచ్చే కితాబు కాగితం గుర్తొచ్చింది, ఇరవై ఏళ్ళ మంచి పేరు గుర్తొచ్చింది. ఆయాతో పాటు నన్నూ దింపితే సత్రం మెట్ల మీద ఇద్దరికీ చోటుంటుందా అని ఆలోచించాను. ఒక గంట పట్టింది. మీకు ఇలాంటిది వస్తే పది నిమిషాల్లో తేల్చుకోండి. మిగిలిన యాభై నిమిషాలూ తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.

దొరసాని గదిలో తల్లీ కూతుళ్ళిద్దరూ ఉన్నారు. పాప నిద్రపోతోంది. నేను నెమ్మదిగా మొదలుపెట్టాను. పెద్ద దొరసాని బాకా ఎత్తింది.

"వినబడలేదు."

గొంతు పెంచాను.

"ఇంకా."

ఆ విధంగా నా జీవితంలో మొదటి నిజం నేను అరిచి చెప్పవలసి వచ్చింది. పురుగు నాది. తలలు నావి. తాసీల్దారుకు కొడుకే లేడు. ఆయా చెప్పింది రెండే మాటలు, కొత్త కాలేదు, తినకూడదు. బయట నడవాలో పక్క గదుల తలుపులు తెరుచుకోవడం వినబడింది.

దొరసాని మామూలుగా కదలని మనిషి. ఆ రోజు లేచి నిలబడింది. "ఆమెను పిలు. ఆమె చెప్పినంతే చెప్పు."

సొంబారి వచ్చి గోడ పక్కన నిలబడింది. కొత్త అంటే ఏమిటో ఆమె చెప్పింది, నేను దాటించాను. దొరసాని అడిగింది, "మీ పండగ మీది. నా పిల్ల మీ ఊరిది కాదు కదా. అది తింటే మీ ఊరికేమిటి?"

నేను తెలుగులో చెప్పాను. సొంబారికి ప్రశ్నే అర్థం కాలేదు.

"నా సంకలో పెరిగింది గదమ్మా. సంకలో ఉన్నోలు ఇంటోలే. ఇంటోలు తప్పు సేత్తే ఊరికి తగల్దేటి?"

ఇది ఇంగ్లీషులో చెప్పడానికి నాకు ఒక్క అలంకారం కూడా దొరకలేదు. వెతకలేదు కూడా. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దొరసాని కిటికీ వైపు తిరిగింది. పెద్ద దొరసాని బాకా దించి, "ఎన్ని రోజులుంది పండగకి?" అంది.

సొంబారి తాడు తీసింది. ముసలావిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క ముడినీ వేలితో తడిమి, తొమ్మిది అంది. తరువాత వందా యాభై ప్రశ్నలు అడిగింది. ముడి ఎవరు వేశారు, తప్పు విప్పితే ఏమవుతుంది, వర్షంలో తాడు పోతే ఎలా. డాక్టరు వచ్చి పడుకోమనేదాకా ఆపలేదు.

దొరసాని ఆఖరి ప్రశ్న వేసింది. "మళ్ళీ పిల్ల చేతికి మామిడి ఇస్తే మళ్ళీ పారేస్తుందా?"

సొంబారి తాడు వైపు చూసింది.

"తొమ్మిది నాళ్ళు పారేత్తాను. పదో నాడు నానే తినిపిత్తాను."

ఇదీ నేనే దాటించాలి. కాస్త మెత్తగా మార్చి చెప్పాలని నాలుక దురద పెట్టింది. మార్చలేదు. ముసలావిడ ముందు నవ్వింది. కూతురు తరువాత నవ్వింది, వేళ కాని వేళ.

మర్నాడు రేవులో సొంబారిని దింపలేదు. నన్నూ దింపలేదు. కానీ దొరసాని ఒక నియమం పెట్టింది. ఇకమీదట నేను ఏ మాట దాటించినా రెండుసార్లు చెప్పాలి. రెండోసారి సగానికి తగ్గించి.

యువకులారా, ఏ యజమానీ ఇంతకన్నా మంచి శిక్ష వేయలేదు. దొరసానిలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, అవి చెప్పమంటే చెబుతాను. కానీ అడిగి, జవాబు వచ్చేదాకా ఆగే యజమాని దొరికితే వదలకండి.

కింద

తరువాత తొమ్మిది రోజులూ ఆ ఓడలో ప్రతి భోజనానికీ మామిడిపళ్ళు వచ్చాయి. ద్వీపాల్లో గంపలు గంపలు ఎక్కించారు మరి. బల్ల దగ్గర వడ్డించినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు, దొరసాని పళ్ళెంలో ఒక్క ముక్క పడలేదు. ఎందుకని నేను అడగలేదు. 

పదో రోజు పొద్దున ఓడ నడి సముద్రంలో ఉంది. నాలుగు దిక్కులా నీళ్ళే. సొంబారి తలస్నానం చేసి పై అంతస్తుకు వచ్చింది. మంచు గదిలో దాచిన రెండు పళ్ళు తెచ్చాను. విస్తరి కుట్టే అడ్డాకు దొరకలేదు, క్యాబేజీ ఆకు తెచ్చాను. ఇంటికి పెద్దావిడ పెట్టాలని సొంబారి అంది. మా ఇంటికి పెద్దావిడ ఎవరో మాకు అనుమానం లేదు. పెద్ద దొరసాని ఈకల టోపీ పెట్టుకుని, బాకా చంకలో ఇరికించుకుని, మోకాళ్ళ మీద కూర్చుంది.

"మన కొండలు ఎటున్నాయన్నా?" అంది సొంబారి. "అటు తిరిగి పెట్టాల."

నాకు తెలియదు. ఈసారి తెలియదనే చెప్పాను. అక్కడ దిక్కులు చూసే ఓడ అధికారి ఒకాయన ఉంటే అడిగాను. యువకుడు, ప్రశ్న నచ్చింది. పటం తెప్పించాడు, ఏవో గీతలు గీశాడు. తూర్పు వైపు చెయ్యి చాపాడు. మళ్ళీ ఆలోచించి, భూమి గుండ్రంగా ఉంది కదా, సూటిగా కావాలా అని అడిగాడు. సూటిగానే అన్నాను. చాపిన చెయ్యిని అలాగే ఏటవాలుగా కిందికి దించాడు. వేలు ఓడ చెక్కల్లోంచి, ఇంజను గదిలోంచి, సముద్రంలోంచి, నేల లోపలికి చూపిస్తోంది.

సొంబారి ఏమంటుందోనని భయపడుతూ చెప్పాను. మన కొండలు అదిగో, కింద.

ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"పెద్దోలుండేది కిందే గదా" అంది.

పెద్ద దొరసాని చెక్కల మీద ఆకు పెట్టి, మొదటి ముక్క దాని మీద ఉంచింది. సొంబారి ఆ వేలు చూపిన వైపు వంగి తన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ చెప్పింది. చివర బేబమ్మ పేరు చెప్పి, ఇది కూడా తింటాది, సూసుకోండి అంది. తరువాత పిల్లను ఒళ్ళోకి లాక్కుని ముక్క నోట్లో పెట్టింది. పెద్దావిడకు ఒకటి, దిక్కులాయనకు ఒకటి. దొరసాని చెయ్యి చాపింది. ఆమెకు రెండు.

నేనూ చెయ్యి చాపాను. సొంబారి ఆకు మడిచేసింది.

"నువ్వు ముందే తినేసినావు గదన్నా. నీకు వచ్చే ఏడు."

"నేను క్రైస్తవుణ్ణి" అన్నాను.

"మా కొండ నీల్లు తాగలేదేటి?"

దొరసాని ఏమిటన్నదని అడిగింది. రెండుసార్లు చెప్పాను. సగానికి తగ్గించడానికి అందులో ఏమీ లేదు.

మరుసటి ఏడు ఎండలు మొదలవుతుండగా, సొంబారి ఊరి నుంచి బంగళాకు ఒక మనిషి వచ్చి నా చేతిలో ఒక తాడు పెట్టి వెళ్ళాడు. పద్దెనిమిది ముళ్ళు. ఆ పద్దెనిమిది రోజులూ మైదానం నుంచి వంటింట్లోకి మామిడికాయలు వచ్చాయి, పళ్ళు వచ్చాయి, వాటితో నేను పచ్చళ్ళు పెట్టాను, పుడ్డింగులు చేశాను. రోజుకో ముడి విప్పాను. రుచి ఒక్కటి కూడా చూడలేదు. ఈ మాటను కావాలంటే మీరు సగానికి తగ్గించుకోండి. సున్నాలో సగం సున్నాయే.